కమ్యూనిటీ కాలేజీ నుంచి నాలుగేళ్ల సైన్స్ డిగ్రీకి: పక్కన ఉండి సాయం చేసేవారి కోసం సమగ్ర మార్గదర్శి

కాలిఫోర్నియాలో ఉంటున్న మన వాళ్లు కొందరు వారాంతాల్లో దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీకి (డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ) వెళ్లి లెక్కలో కెమిస్ట్రీయో చెబుతున్నారు. కొన్నాళ్లు గడిచాక వాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే: "పాఠం చెప్పగలను. కానీ ఈ అమ్మాయి డేవిస్‌లోనో బర్క్‌లీలోనో బయాలజీ చదవాలంటే నేను ఇంకేం చేయాలి?" ఈ మార్గదర్శి వాళ్ల కోసం. ఇలాంటి దారిలో నడుస్తున్న విద్యార్థులకూ పనికొస్తుంది.

ఇక్కడ నా దృష్టిలో ఉన్నది ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనుషులు. లాటినో, నల్లజాతి, మూలవాసి కుటుంబాల పిల్లలు, రాత్రి షిఫ్టులు చేసి పొద్దున్నే ల్యాబ్‌కు వచ్చేవాళ్లు, పసిపిల్లలున్న తల్లులు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు. వీళ్లలో సైన్స్ వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. తెలివి చాలక వదిలేసినవాళ్లు తక్కువ. కోర్సుల వరస తప్పి, ఏడాది పోయి, ఆ ఏడాదికి డబ్బు లేక వదిలేసినవాళ్లే ఎక్కువ.

మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాస్తే, ర్యాంకును బట్టి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. ఇక్కడ అలాంటి ఒక్క పరీక్ష లేదు. రెండు మూడేళ్లలో ఏ కోర్సు, ఎప్పుడు, ఏ గ్రేడుతో చేశారన్నదే ప్రవేశాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. ప్రభుత్వ యూనివర్సిటీల ప్రవేశాల్లో జాతి ఆధారంగా ప్రాధాన్యం ఇవ్వడాన్ని 1996 నాటి ప్రొపొజిషన్ 209 నిషేధించింది. కాబట్టి రిజర్వేషన్ లాంటిది ఉంటుందని అనుకోవద్దు. మనం ఇవ్వగలిగిన సాయమల్లా ఆ వరసను సరిగ్గా నిలబెట్టడమే.

## 1. మీ పని ఎంతవరకో ముందే తేల్చుకోండి

కాలేజీలో ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్, అంటే ఇక్కడి నుంచి నాలుగేళ్ల యూనివర్సిటీకి మారే దారి చూపేవారు, ఉంటారు. చదువుల ప్రణాళికపై తుది మాట వాళ్లది. మీరు చేయాల్సింది విద్యార్థి ఆ కౌన్సెలర్ దగ్గరికి సరైన ప్రశ్నలతో వెళ్లేలా చూడటం, తిరిగొచ్చాక విన్నది కాగితం మీద పెట్టించడం. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ చాలాచోట్ల అరగంటే. సిద్ధం కాకుండా వెళ్తే ఆ అరగంట నమస్కారాలకే సరిపోతుంది.

ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ప్రకారం విద్యార్థి అనుమతి లేకుండా కాలేజీ వాళ్ల రికార్డులు మామూలుగా ఎవరికీ చెప్పదు, తల్లిదండ్రులకు కూడా. కాబట్టి మీరు ఆఫీసుకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు. విద్యార్థి పాస్‌వర్డ్ అడిగి తీసుకోవద్దు. స్క్రీన్ వాళ్ల చేతిలో ఉండాలి, మీరు పక్కన కూర్చోవాలి.

రెండు వారాలకోసారి నలభై నిమిషాలు, ఒకే రోజు, ఒకే వేళ. కుదిరినప్పుడు కలుద్దాం అంటే ఎప్పటికీ కుదరదు.

## 2. మొదటిసారి కూర్చున్నప్పుడు

ఇవి తెచ్చుకోమని ముందే చెప్పండి:

□ ఇప్పటిదాకా చదివిన ప్రతి కాలేజీ మార్కుల జాబితా, మధ్యలో వదిలేసిన కాలేజీతో సహా
□ హైస్కూల్లో చివరిగా చదివిన లెక్కల కోర్సు, గ్రేడు, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి) పరీక్షలు రాసి ఉంటే వాటి స్కోర్లు
□ ఉద్యోగం వేళలు, వారానికి ఎన్ని గంటలు
□ ఇంటి నుంచి కాలేజీకి ఎలా వస్తారు, ఎంతసేపు పడుతుంది
□ ఆర్థిక సాయం కోసం ఫాఫ్సా (ఫెడరల్ సాయం దరఖాస్తు) గానీ కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు (ఇమిగ్రేషన్ కాగితాలు లేనివాళ్ల కోసం రాష్ట్రం పెట్టింది) గానీ పెట్టారా
□ మనసులో ఉన్న సబ్జెక్టు, రెండు మూడు యూనివర్సిటీల పేర్లు

పాత ఎఫ్ గ్రేడు గురించి చాలామంది చెప్పరు. సిగ్గు. "ఎక్కడైనా మధ్యలో ఆగాల్సి వచ్చిందా?" అని అడగండి, ఫెయిలయ్యావా అని అడగొద్దు. ఆ గ్రేడు ఎలాగూ అప్లికేషన్‌లో రాయాల్సిందే. దాచినట్టు తర్వాత బయటపడితే వచ్చిన సీటు కూడా పోతుంది.

తర్వాత ఒక వారం పట్టిక గీయించండి. ల్యాబ్ ఉన్న జనరల్ కెమిస్ట్రీ అయిదు యూనిట్ల (క్రెడిట్ల) కోర్సు అయితే క్లాసు, ల్యాబ్ కలిపి వారానికి దాదాపు తొమ్మిది గంటలు కాలేజీలోనే పోతాయి. ఇంట్లో చదువుకి ఇంకో ఎనిమిది, పది. దానికి లెక్కల కోర్సు, ముప్పై గంటల ఉద్యోగం, బస్సు ప్రయాణం కలిపి రాయించండి. పట్టికలో నిద్రకు చోటు మిగలకపోతే అది విద్యార్థి తప్పు కాదు, ప్రణాళిక తప్పు. రెండేళ్లకు బదులు మూడేళ్లు వేయండి. మూడేళ్లలో నిలకడగా వచ్చిన గ్రేడులు రెండేళ్లలో పరిగెత్తి తెచ్చుకున్న గ్రేడుల కంటే మేలు. నేను ఈ విషయంలో మొహమాటపడను.

## 3. ముందు గమ్యం, తర్వాత కోర్సులు

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. ఒక కాలేజీలో చేసిన కోర్సు ఏ యూనివర్సిటీలో ఏ కోర్సుకు సమానమో చెప్పే అధికారిక వెబ్‌సైట్ అసిస్ట్ డాట్ ఆర్గ్. దాన్ని చదవడం రాకుండా ఈ పనిలో దిగొద్దు.

చదివే పద్ధతి ఇది:

1. అన్నిటికంటే కొత్త విద్యా సంవత్సరం ఎంచుకోండి.
2. విద్యార్థి కాలేజీ, వెళ్లాలనుకునే యూనివర్సిటీ, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఎంచుకోండి.
3. ఒక పక్క యూనివర్సిటీ కోర్సులు, మరో పక్క వాటికి సరిపోయే కమ్యూనిటీ కాలేజీ కోర్సులు కనిపిస్తాయి. ముద్రించి తీయండి.
4. కనీసం మూడు యూనివర్సిటీలకు ఇలాగే తీసి, మూడింటిలోనూ ఉన్న కోర్సుల కింద గీత గీయించండి. ప్రణాళికకు అవే వెన్నెముక.

ఈ పేజీలో జనం పొరబడే చోట్లు మూడు.

మొదటిది, "అండ్" అనే చిన్న మాట. రెండు కోర్సుల మధ్య అది ఉంటే రెండూ పూర్తి చేస్తేనే యూనివర్సిటీ కోర్సు ఒకటి లెక్కకు వస్తుంది. ఒకటి చేసి సగం వచ్చిందిలే అనుకుంటే ఏమీ రాదు.

రెండోది, తప్పనిసరి కోర్సులకూ "చేస్తే మంచిది" అన్న కోర్సులకూ తేడా. పోటీ ఎక్కువున్న మేజర్లలో ఆ "చేస్తే మంచిది" కూడా తప్పనిసరి అనుకునే ప్లాన్ వేయండి.

మూడోది, "ఏ కోర్సూ సమానం కాదు" అని ఉన్న చోటు. అంటే ఆ కాలేజీలో ఆ పాఠం లేదు. పక్క ఊరి కాలేజీలో ఉందేమో వెతకండి, లేదా అది యూనివర్సిటీకి వెళ్లాకే చేయొచ్చా అని కౌన్సెలర్‌ను అడిగించండి.

ఇంకో జాగ్రత్త. కెమిస్ట్రీ, ఫిజిక్స్, కాలిక్యులస్ లాంటివి రెండు మూడు భాగాల వరసలు. వాటిని మొదలుపెట్టిన కాలేజీలోనే పూర్తి చేయించండి. ఎక్కువ కాలేజీలు సెమిస్టర్ పద్ధతిలో నడుస్తాయి, డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటివి సెమిస్టర్ కంటే చిన్న టర్ములుండే క్వార్టర్ పద్ధతిలో. ఒక చోట మొదటి భాగం చేసి ఇంకో చోట రెండోది చేస్తే మధ్యలో ఒక ముక్క ఎగిరిపోతుంది, ఆ ముక్క ఎవరూ విడిగా చెప్పరు.

అసిస్ట్‌లో ప్రైవేటు యూనివర్సిటీలు ఉండవు. వాటి సంగతి వాటి ట్రాన్స్‌ఫర్ ఆఫీసునే అడగాలి. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తమ రాష్ట్రం పద్ధతి వెతుక్కోండి: టెక్సస్‌లో, ఫ్లోరిడాలో ప్రభుత్వ కాలేజీల కోర్సులకు ఉమ్మడి నంబర్లు ఉంటాయి, న్యూజెర్సీకి సొంత ట్రాన్స్‌ఫర్ వెబ్‌సైట్ ఉంది, వర్జీనియాలో కమ్యూనిటీ కాలేజీలకూ యూనివర్సిటీలకూ మధ్య ప్రవేశ హామీ ఒప్పందాలు ఉన్నాయి. పేర్లు మారతాయి గానీ ఈ మార్గదర్శిలోని వరస ఎక్కడైనా పనిచేస్తుంది.

## 4. గొలుసు వేయడం

మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దీనికి రెండు సమావేశాలు పూర్తిగా ఇవ్వండి.

సైన్స్ కోర్సులు గొలుసులా ఉంటాయి. జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం అయితేనే రెండోది, రెండోది అయితేనే ఆర్గానిక్. ప్రీకాలిక్యులస్ అయితేనే కాలిక్యులస్, అది అయితేనే కాలిక్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్. చాలా కాలేజీల్లో మేజర్ల బయాలజీకి కూడా కెమిస్ట్రీ ముందుండాలి. ఒక లంకె ఊడితే దాని వెనకున్నవన్నీ ఆగుతాయి.

గొలుసును చివరి నుంచి మొదటికి వేయాలి. ఇలా:

మెట్టు 1. పెద్ద కాగితం అడ్డంగా పెట్టి, కుడి చివర యూనివర్సిటీలో చేరే నెల రాయండి.

మెట్టు 2. దానికి ముందు ఏడాది నవంబరును ఎర్ర ఇంకుతో గీయండి. అప్లికేషన్ పడేది అప్పుడు. రెండేళ్ల ప్లాన్‌లో ఆ రోజుకి విద్యార్థి చేతిలో ఉండే గ్రేడులు మొదటి ఏడాదివే. మూడో సెమిస్టర్ నడుస్తూ ఉంటుంది, నాలుగోది ఇంకా రాలేదు. ఇది అర్థమైన క్షణంలోనే చాలామంది పిల్లలు మూడేళ్ల ప్లాన్‌కు ఒప్పుకుంటారు.

మెట్టు 3. అన్నిటికంటే పొడవైన గొలుసును ముందు పెట్టండి. బయాలజీ, కెమిస్ట్రీ మేజర్లకు అది కెమిస్ట్రీ. ఫిజిక్స్, ఇంజనీరింగ్‌కు లెక్కలు.

మెట్టు 4. ప్రతి కోర్సు పక్కన అది ఏ సెమిస్టర్లో చెబుతారో రాయండి. చిన్న కాలేజీల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఏడాదికి ఒక్కసారే మొదలవుతుంది. ఆగస్టులో తప్పిపోతే మళ్లీ ఆగస్టే. గత రెండేళ్ల టైమ్‌టేబుళ్లు వెబ్‌సైట్‌లో చూసి రాయండి, కేటలాగ్‌ను నమ్మొద్దు. కేటలాగ్‌లో కోర్సు పేరు ఉన్నంత మాత్రాన ఆ ఏడాది చెబుతారని లేదు.

మెట్టు 5. ఒక సెమిస్టర్లో ల్యాబ్ ఉన్న సైన్స్ కోర్సులు రెండు మించకుండా చూడండి. ఉద్యోగం ఇరవై గంటలు దాటితే ఒకటే.

బయాలజీకి మూడేళ్ల గొలుసు ఒకటి చూపిస్తాను. అసిస్ట్ పేజీని బట్టి మార్చుకోండి.

- మొదటి శరత్తు (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్): ప్రీకాలిక్యులస్, ఇంగ్లిష్ కాంపొజిషన్, ఒక జీఈ కోర్సు (జనరల్ ఎడ్యుకేషన్, మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన చరిత్ర, సైకాలజీ లాంటివి)
- మొదటి వసంతం (ఏడాది మొదట్లో మొదలయ్యే సెమిస్టర్): జనరల్ కెమిస్ట్రీ 1, కాలిక్యులస్ 1
- రెండో శరత్తు: జనరల్ కెమిస్ట్రీ 2, బయాలజీ 1, ఒక జీఈ
- రెండో వసంతం: బయాలజీ 2, కాలిక్యులస్ 2 లేదా స్టాటిస్టిక్స్, ఒక జీఈ
- మూడో శరత్తు: ఆర్గానిక్ 1, ఫిజిక్స్ 1, ఇదే సెమిస్టర్లో అప్లికేషన్
- మూడో వసంతం: ఆర్గానిక్ 2, ఫిజిక్స్ 2

మిగిలిన జీఈ కోర్సులు ఎండాకాలాల్లో పెట్టండి. ఈ ప్లాన్‌లో అప్లికేషన్ రోజుకి రెండేళ్ల గ్రేడులు చేతిలో ఉంటాయి. మూడో శరత్తులో బరువు తగ్గించాను, కారణం అదే సెమిస్టర్లో వ్యాసాలు కూడా రాయాలి.

మొదటి లెక్కల కోర్సు ఏదన్నది కాలేజీ మాట మీద గుడ్డిగా వదిలేయొద్దు. 2017 నాటి ఏబీ 705, 2022 నాటి ఏబీ 1705 చట్టాలు పిల్లల్ని యూనివర్సిటీ లెక్కలోకి రాని లెక్కల క్లాసుల్లోకి నెట్టడాన్ని చాలావరకు ఆపాయి. సైన్స్ మేజర్లను నేరుగా కాలిక్యులస్‌లో కూర్చోబెట్టే వైపు కాలేజీలు వెళ్తున్నాయి. దానివల్ల ఒక సెమిస్టర్ మిగులుతుంది. కానీ హైస్కూల్లో లెక్కలు వదిలి అయిదేళ్లయిన మనిషి విషయంలో టెన్షన్ నిజమే. అలాంటప్పుడు కాలిక్యులస్‌తో పాటు ఇచ్చే సపోర్ట్ క్లాసు తీసుకోమనండి, చేరే ముందు ఎండాకాలం ఆరు వారాలు ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ మీతో కూర్చోమనండి. మన వాళ్లకు ఇది చేతనైన పని. ఇంటర్ ఎంపీసీ చదివిన ఎవరైనా చెప్పగలరు.

## 5. జీఈ ముందు పూర్తి చేయమని చెప్పకండి

ఈ తప్పు నేను చేశాను. మొదట్లో ఒక అమ్మాయికి "ముందు సులువైనవన్నీ అవగొట్టు, తర్వాత ప్రశాంతంగా సైన్స్ చదువుకో" అని సలహా ఇచ్చాను. ఏడాదిన్నరలో చరిత్ర, సైకాలజీ, కమ్యూనికేషన్ అన్నీ ఏ గ్రేడులతో పూర్తి చేసింది. అప్పుడు చూస్తే కెమిస్ట్రీ మొదటి భాగం కూడా మొదలుకాలేదు. ఇంకా అయిదు సెమిస్టర్ల గొలుసు మిగిలి ఉంది, పైగా ప్రతి సెమిస్టర్లో రెండు కష్టమైన కోర్సులు పక్కపక్కనే, బరువు పంచుకోవడానికి సులువైనది ఒక్కటీ లేదు. ఆమె సైన్స్ వదిలేసింది. అది నా సలహా ఫలితం.

జీఈ కోర్సులు అన్నంలో కూరలా గొలుసు పక్కన కొద్దికొద్దిగా వడ్డించాలి.

2025 శరత్తు నుంచి చేరినవాళ్లకు యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, డేవిస్, బర్క్‌లీ దాని క్యాంపస్‌లే), కాల్ స్టేట్‌కు (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) ఉమ్మడిగా కాల్‌జీటెక్ అనే జీఈ పద్ధతి ఉంది, 34 యూనిట్లు. అంతకు ముందు చేరినవాళ్లు పాత పద్ధతిలో కొనసాగొచ్చేమో కౌన్సెలర్‌ను అడిగించండి. యూసీల్లోని చాలా సైన్స్, ఇంజనీరింగ్ విభాగాలు జీఈ పూర్తి కావడం కంటే మేజర్‌కు కావాల్సిన కోర్సులు పూర్తి కావడమే ముందు చూస్తాయి. జీఈ అంతా అయితే దాన్ని ధ్రువీకరించమని కాలేజీని విడిగా అడగడం మర్చిపోవద్దు.

కాల్ స్టేట్‌కు వెళ్లేవాళ్లకు ఏడీటీ అనే అసోసియేట్ (కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల) డిగ్రీ మంచి దారి. 60 యూనిట్లు ఇక్కడ, సరిపోలే మేజర్‌లో ఇంకో 60 అక్కడ. కాల్ స్టేట్ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం, కోరుకున్న క్యాంపస్‌లోనే అని హామీ లేదు. ఈ చివరి ముక్క పిల్లలకు ఎవరూ స్పష్టంగా చెప్పరు. మీరు చెప్పండి.

## 6. డబ్బు లెక్క

రాష్ట్ర నివాసికి ఒక యూనిట్ ఫీజు 46 డాలర్లు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ కింద అదీ మాఫీ. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది: ఫీజు లేదు కదా అని ఫాఫ్సా నింపరు. ఫీజు పోయినా పుస్తకాలు, అద్దె, బస్సు, తిండి ఉన్నాయి. తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయమైన పెల్ గ్రాంట్ డబ్బు వాటికి వస్తుంది, ఫాఫ్సా లేకపోతే రాదు.

□ ఫాఫ్సా లేదా డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు ప్రతి ఏడాదీ. కాల్ గ్రాంట్‌కు (రాష్ట్రం ఇచ్చే సాయం) మార్చి 2 గడువు. కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు సెప్టెంబర్ 2న ఇంకో అవకాశం ఉంటుంది
□ పెల్ గ్రాంట్ జీవితంలో మొత్తం 12 పూర్తి సెమిస్టర్లకే. ఇప్పటికి ఎంత వాడారో చూసి, యూనివర్సిటీలో చివరి ఏడాదికి మిగిలేలా లెక్క వేయండి
□ తక్కువ ఆదాయపు, చదువులో వెనకబడిన నేపథ్యం ఉన్న విద్యార్థులకు తోడ్పడే ఈఓపీఎస్ కార్యక్రమంలో చేర్చండి. పుస్తకాల సాయం, విడిగా కౌన్సెలర్ ఉంటారు. అందరికంటే ముందు రిజిస్టర్ చేసుకునే వీలు కూడా దొరుకుతుంది
□ తిండికి, ఇంటికి ఇబ్బంది ఉంటే క్యాంపస్‌లోని బేసిక్ నీడ్స్ సెంటర్

ముందు రిజిస్ట్రేషన్ అన్నది చిన్న విషయంగా తీసుకోకండి. ఆర్గానిక్ ల్యాబ్‌లో బెంచీలు కొన్నే ఉంటాయి. ఆలస్యంగా రిజిస్టర్ చేసే విద్యార్థికి సీటు దొరకదు, గొలుసు ఏడాది వెనక్కి వెళ్తుంది. ఈఓపీఎస్ కాగితం ఆ ఏడాదిని కాపాడుతుంది. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నా మొదటి రోజు క్లాసుకు వెళ్లి కూర్చోమనండి. రానివాళ్ల సీట్లు వచ్చినవాళ్లకే ఇస్తారు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద పెరిగిన మన పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, 21 ఏళ్లు నిండితే ఆ వీసా కూడా పోతుంది. వాళ్ల ట్రాన్స్‌ఫర్ తేదీని పుట్టినరోజుతో కలిపి చూసి, ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడించండి.

## 7. సెమిస్టర్ మధ్యలో మునిగిపోతున్నప్పుడు

అయిదో వారం, ఆరో వారం ఒక మెసేజ్ వస్తుంది: "మిడ్‌టర్మ్‌లో 42 వచ్చింది, వదిలేస్తున్నా." ఆ రోజే కలవండి. పాఠం తర్వాత చూడొచ్చు, ముందు నిర్ణయం.

ఈ వరసలో అడగండి:

1. సిలబస్ తీసి, మిగిలిన పరీక్షల్లో ఎంత వస్తే సీ గ్రేడు దాటుతుంది? లెక్క కాగితం మీద వేయండి. ఎన్నోసార్లు అది సాధ్యమేనని తేలుతుంది.
2. ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు (విద్యార్థుల సందేహాల కోసం కేటాయించే వేళలు) ఎన్నిసార్లు వెళ్లారు? "ఒక్కసారీ లేదు" అన్నది తరచూ వచ్చే జవాబు. వెళ్తే తెలివితక్కువవాళ్లమని అనుకుంటారేమోనని భయం. మొదటిసారి తలుపు దాకా మీరూ తోడు వెళ్లండి. చేతిలో ఒక లెక్క, ఆగిపోయిన చోట గీత, అంతే చాలు.
3. డబ్ల్యూ (గ్రేడు పడకుండా కోర్సు మధ్యలో వదలడం) తీసుకోవడానికి చివరి తేదీ ఎప్పుడు? ప్రతి కాలేజీ క్యాలెండర్‌లో ఉంటుంది.
4. ఈ కోర్సు వదిలితే యూనిట్లు 12 కంటే తగ్గుతాయా? తగ్గితే ఆర్థిక సాయం, ఈఓపీఎస్ ఏమవుతాయో ముందు ఆ ఆఫీసులో అడగాలి.

ఒక డబ్ల్యూ వల్ల జీవితం ఆగదు. డీ కంటే డబ్ల్యూ మేలు. అయితే గుర్తుంచుకోవాల్సిన నియమాలు రెండు: ఒకే కోర్సును ఎన్నిసార్లు ప్రయత్నించొచ్చన్న దానికి పరిమితి ఉంటుంది, డబ్ల్యూను అందులో ఎలా లెక్కిస్తారో కౌన్సెలర్‌ను అడిగించండి. సీ తెచ్చుకున్న కోర్సును గ్రేడు పెంచుకోవడానికి మళ్లీ చేయనివ్వరు. కాబట్టి సీ ఖాయమనిపించే పిల్లతో ఆలస్యం చేయకుండా మాట్లాడాలి.

చదువు పద్ధతిలో నేను ఎక్కువగా చూసే లోపం ఒకటుంది. జవాబు చూస్తూ లెక్క చదువుతారు, అర్థమైంది అనుకుంటారు. పుస్తకం మూసి తెల్లకాగితం మీద చేయించండి. కెమిస్ట్రీలో యూనిట్ల మార్పిడి, మోల్ లెక్కలు, ఆర్గానిక్‌లో ఎలక్ట్రాన్ బాణాలు చేతితో వందసార్లు గీస్తేనే వస్తాయి.

## 8. తోడు, ల్యాబ్ అనుభవం

ఒంటరిగా సైన్స్ చదవడం చాలా కష్టం. మీ కాలేజీలో మెసా ఉందేమో చూడండి. లెక్కలు, ఇంజనీరింగ్, సైన్స్ చదివే తక్కువ ఆదాయపు, మొదటి తరం విద్యార్థుల కోసం నడిచే కేంద్రం అది. గుంపుగా చదివే వర్క్‌షాపులు, కూర్చోవడానికి ఒక గది, అదే దారిలో ఉన్న స్నేహితులు దొరుకుతారు. పుయెంతె, ఉమోజా కూడా ఇలాంటి తోడే, సైన్స్‌కే పరిమితం కావు.

ఎండాకాలం పరిశోధన కోసం నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వారి ఆర్ఈయూ కార్యక్రమాలు ఉన్నాయి. స్టైపెండ్ ఇస్తారు. కొన్ని ప్రత్యేకంగా కమ్యూనిటీ కాలేజీ పిల్లల్ని కోరుకుంటాయి. మామూలుగా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లే అర్హులు. దరఖాస్తులు చలికాలంలోనే ముగుస్తాయి కాబట్టి డిసెంబరులో వెతకడం మొదలుపెట్టాలి. ఫెడరల్ నిధులతో నడిచేవి ఏడాదికేడాది మారుతుంటాయి, ఈ ఏడాది ఉందో లేదో నేరుగా రాసి తెలుసుకోమనండి.

పరిశోధన దొరకకపోతే నిరాశ వద్దు. కాలేజీ స్టాక్‌రూమ్‌లో ద్రావణాలు కలిపే ఉద్యోగం, కెమిస్ట్రీ ట్యూటర్ ఉద్యోగం కూడా సైన్స్ అనుభవమే. కిరాణా షాపు షిఫ్టు బదులు ఇలాంటి పని దొరికితే అంతకంటే కావాల్సింది లేదు.

## 9. అప్లికేషన్ ఏడాది క్యాలెండర్

- ఆగస్టు: యూసీ అప్లికేషన్ తెరుచుకుంటుంది. నింపడం మొదలుపెట్టాలి.
- సెప్టెంబర్ 1 నుంచి 30: ట్యాగ్. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఏదో ఒకదానికి మాత్రమే పెట్టుకునే ప్రవేశ హామీ. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ఇందులో లేవు. కొన్ని మేజర్లకు వర్తించదు, ఆ ఏడాది పట్టిక చూడాలి.
- అక్టోబర్ 1 నుంచి నవంబరు చివరి దాకా: యూసీ, కాల్ స్టేట్ అప్లికేషన్లు పంపాలి. సర్వర్లు ఆఖరి రోజు మొరాయిస్తాయి, నవంబరు 20 మీ గడువు అనుకోండి.
- జనవరి: శరత్తు గ్రేడులు యూసీకి అప్‌డేట్ చేయాలి. దీన్ని మర్చిపోయి పరిశీలనకు దూరమైనవాళ్లున్నారు.
- మార్చి 2: ఆర్థిక సాయం గడువు.
- జూన్ 1: యూసీలో సీటు అంగీకరించే గడువు.
- జూలై 1: చివరి మార్కుల జాబితాలు యూసీకి చేరాలి, చదివిన ప్రతి కాలేజీ నుంచి.

యూసీకి కనీస అర్హత 60 సెమిస్టర్ యూనిట్లు, రాష్ట్రవాసులకు 2.4 జీపీఏ. సైన్స్ మేజర్లకు అసలు పోటీ దీనికి చాలా పైన ఉంటుంది, కనీసం చూసి ఊరట పొందొద్దు. అప్లికేషన్ ఫీజు మాఫీ నాలుగు యూసీ క్యాంపస్‌ల వరకు దొరుకుతుంది.

వ్యాసాలు నాలుగు, ఒక్కోటి 350 పదాల లోపు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులందరూ రాయాల్సింది ఒకటి: ఎంచుకున్న మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారు అన్నది. ఇక్కడ పిల్లలు చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టమని మొదలుపెడతారు. ఆపించండి. "ఆర్గానిక్ ల్యాబ్‌లో నీ దిగుబడి ఎందుకు తక్కువొచ్చింది, తర్వాత ఏం మార్చావు?" అని అడగండి. చెప్పిన జవాబును ఫోన్‌లో రికార్డు చేయించండి. వ్యాసం అక్కడుంటుంది. మీరు ఒక్క వాక్యం కూడా రాయొద్దు.

ఇంటి బాధ్యతలను చాలామంది రాయరు, అది కార్యకలాపం కాదనుకుంటారు. తమ్ముళ్లను బడి నుంచి తీసుకురావడం, అమ్మకు ఆసుపత్రిలో అనువాదం చేయడం వారానికి పదిహేను గంటల పని అయితే పదిహేను గంటలని రాయాలి.

ప్రైవేటు యూనివర్సిటీలకు సిఫారసు ఉత్తరాలు కావాలి. వాటికోసం ప్రొఫెసర్‌ను సెప్టెంబరులోనే అడిగించండి. జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 55,000 డాలర్ల దాకా ఇస్తుంది. పోటీ తీవ్రమే, కానీ మంచి గ్రేడులున్న పేద విద్యార్థి ప్రయత్నించకుండా వదలకూడదు.

## 10. సీటు వచ్చాక

ఏప్రిల్‌లో సీటు వచ్చిందంటే షరతులతో వచ్చిందని అర్థం. వసంతం గ్రేడులు పడిపోతే, చేస్తానన్న కోర్సు మానేస్తే సీటు వెనక్కి తీసుకోవచ్చు. ఏదైనా మార్చాల్సి వస్తే మార్చక ముందే యూనివర్సిటీకి రాయాలి.

జూన్‌లోపు:

□ హాస్టల్ దరఖాస్తు, ట్రాన్స్‌ఫర్ పిల్లలకు విడిగా గడువు ఉంటుంది
□ ఓరియెంటేషన్ తేదీల్లో మొదటిది తీసుకోవాలి, కోర్సుల రిజిస్ట్రేషన్ అప్పుడే
□ అన్ని కోర్సులూ లెక్కకు వచ్చాయో లేదో విభాగం సలహాదారుతో చూసుకోవాలి, రాకపోతే సిలబస్‌లు పంపాలి. అందుకే పాత సిలబస్‌లన్నీ దాచిపెట్టమని మొదటి రోజే చెప్పండి
□ ఆర్థిక సాయం కొత్త యూనివర్సిటీకి మారిందా

బర్క్‌లీ, మెర్సెడ్ తప్ప మిగతా యూసీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. పదహారు వారాల అలవాటున్న విద్యార్థి పది వారాల వేగంలో పడతారు. ఊపిరి పీల్చుకునేలోపు మొదటి మిడ్‌టర్మ్ వస్తుంది. అందుకే మొదటి క్వార్టర్‌లో పై స్థాయి సైన్స్ కోర్సులు రెండే, దాంతో పాటు ఒక తేలికైనది.

వెళ్లిపోయారు కదా అని మీరు ఆపొద్దు. అక్టోబర్ మూడో వారం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. మొదటి మిడ్‌టర్మ్ మార్కులు వచ్చే రోజులవి. ఆ సాయంత్రం మీరే ఫోన్ చేయండి, ఆఫీస్ అవర్స్ గది నంబర్ ఎంతో అడగండి.